బల్లార్షా నుంచి వెళ్లి ఇంగ్లండ్‌లో మద్యం లైసెన్సు తీసుకోవడం ఎలా

మా మామకు మహారాష్ట్రలోని బల్లార్షాలో వైన్ షాపు ఉండేది. 2015 ఏప్రిల్ 1న మా చంద్రపూర్ జిల్లాలో దారూబందీ, అంటే మద్యనిషేధం, వచ్చి దానికి తాళం పడింది. 2021లో ఎత్తేసేదాకా ఆ షటర్ ముందు మా అత్త మిరపకాయలు ఎండబెట్టింది. మళ్లీ తెరిచిన కొత్తలో మామ నాకు ఫోన్ చేసి, "అల్లుడా, అక్కడ ఇంగ్లండ్ల లైసెన్స్ ఎన్ని కోట్లకు దొరుకుతది?" అని అడిగాడు. "అప్లికేషన్ ఫీజు వంద పౌండ్ల నుంచి మొదలు మామా" అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేశాడు.

ఆయన నమ్మకపోవడంలో తప్పు లేదు. మహారాష్ట్రలో కొత్త వైన్ షాపు లైసెన్సులు ఇవ్వడం దశాబ్దాల కిందే ఆపేశారు. ఉన్నవే చేతులు మారుతుంటాయి కాబట్టి మన దగ్గర లైసెన్సు అంటే పొలం లాంటిది, అమ్ముకోవచ్చు, పిల్లలకు రాసివ్వొచ్చు. పక్కనే గడ్చిరోలిలో 1993 నుంచి అమ్మకమే లేదు. సిరొంచలో నది ఒడ్డున నిలబడితే అవతల తెలంగాణలో షాపుల లైట్లు, ఇవతల అదే సీసా చేతిలో ఉంటే కేసు. ఇలాంటి చోట పెరిగినవాళ్లం ఇంగ్లండ్ పోయి అక్కడి పద్ధతి చూస్తే మొదట మతి పోతుంది. అక్కడ ఇన్ని షాపులే ఉండాలన్న కోటా లేదు. మీ దరఖాస్తు మీద ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ లాంటిది) లైసెన్సు ఇచ్చి తీరాలి, చట్టమే అలా ఉంది. కాకపోతే మీరు దరఖాస్తులో రాసిచ్చిన మాటలే తర్వాత మీ మీద షరతులై కూర్చుంటాయి. అది తెలియక నేను ఎలా ఇరుక్కున్నానో తర్వాత చెప్తాను.

రాజురా, గోండ్‌పిప్రి, సిరొంచ వైపు నుంచి ఇంగ్లండ్ వెళ్లిన పిల్లలు చాలామంది మొదట పనికి చేరేది మద్యం అమ్మే షాపుల్లోనే. వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్‌లకు, అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం. స్కాట్లాండ్‌కు వేరే చట్టం ఉంది. నార్తర్న్ ఐర్లండ్ మరీ తమాషా: అక్కడ కొత్త షాపు పెట్టాలంటే పాత లైసెన్సు ఒకటి వదిలించాల్సిందే. మా మామకు ఆ సంగతి చెబితే "గది మనదే పద్ధతి" అన్నాడు.

ముందు మీ వీసా చూసుకోండి

స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదు. ఎవరి పేరు మీదో షాపు పెట్టి వెనక నుంచి నడిపిస్తాను అనే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి, వీసాతో సహా పోతుంది. కౌంటర్‌లో ఉద్యోగం చేయొచ్చు, అదీ డిగ్రీ చదివేవాళ్లకు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. చదువు అయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా వస్తే సొంత వ్యాపారానికి అడ్డు లేదు. స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్లు మాత్రం స్పాన్సర్ చేసిన ఉద్యోగం వదిలేసి షాపు పెట్టలేరు.

2017 ఏప్రిల్ నుంచి లైసెన్సు అడిగేవాళ్లకు అక్కడ పనిచేసే హక్కు ఉందా లేదా అని కౌన్సిల్ చూడాలి. ఆ హక్కు పోయిన రోజు లైసెన్సు కూడా చెల్లదు. అందుకని లైసెన్సు కార్డు మీద గడువు తేదీ లేదు కదా అని ధీమాగా ఉండకండి.

రెండు లైసెన్సులు, రెండూ వేరు

మనవాళ్లు ఎక్కువ తికమకపడేది ఇక్కడే. ఒకటి మనిషికి ఇచ్చేది, పర్సనల్ లైసెన్సు. ఇంకొకటి షాపుకు ఇచ్చేది, ప్రెమిసెస్ లైసెన్సు. డ్రైవింగ్ లైసెన్సు వేరు, బండి ఆర్‌సీ వేరు అనుకోండి. మద్యం అమ్మే ప్రతి షాపుకూ పర్సనల్ లైసెన్సు ఉన్న ఒక మనిషి బాధ్యుడిగా ఉండాలి. ఆయన్ని డీపీఎస్ అంటారు. ఇంగ్లిష్‌లో పెద్ద పేరే ఉంది కానీ షాపుల్లో ఎవరూ వాడరు.

కౌంటర్ మీద నిలబడే ప్రతి కుర్రాడికీ లైసెన్సు ఉండాలా? అక్కర్లేదు. లైసెన్సు ఉన్నవాళ్లు అమ్మడానికి అనుమతి ఇస్తే చాలు. కానీ ఆ అనుమతి కాగితం మీద రాయించుకుని, సంతకం పెట్టించుకుని, కౌంటర్ కింద ఫైల్లో ఉంచండి. నోటి మాటగా "నువ్వు చూసుకో తమ్ముడూ" అంటే తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి ఏమీ ఉండదు.

పర్సనల్ లైసెన్సు

18 ఏళ్లు నిండాలి. ఏపీఎల్‌హెచ్ అనే పరీక్ష పాసవ్వాలి. ఒక రోజు క్లాసు, తర్వాత 40 ప్రశ్నలు, 40 నిమిషాలు, 28 సరిగ్గా రాస్తే పాస్. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ కెమెరా ముందు కూడా రాయొచ్చు. ఇంగ్లిష్ బాగా రాదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: చట్టం చెప్పే నాలుగు లక్ష్యాలు బట్టీ పట్టండి. నేరాలు, గొడవలు జరగకుండా చూడటం, జనానికి ప్రమాదం లేకుండా చూడటం, చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది కలగకుండా చూడటం, పిల్లలకు హాని జరగకుండా చూడటం. సగం ప్రశ్నలు వీటి చుట్టూనే తిరుగుతాయి.

పాసయ్యాక బేసిక్ డీబీఎస్ అనే పోలీసు రికార్డు సర్టిఫికెట్ తీసుకోవాలి. దీని తేదీ చాలా ముఖ్యం. మీరు కౌన్సిల్‌కు దరఖాస్తు ఇచ్చే నాటికి అది నెల రోజుల లోపుదై ఉండాలి. తొందరపడి ముందే తెప్పించుకుని, పరీక్ష వాయిదా పడి, మళ్లీ డబ్బు కట్టినవాళ్లను చూశాను. పరీక్ష ఫలితం చేతికొచ్చాకే దీనికి అప్లై చేయండి.

ఇక ఫారం, రెండు ఫొటోలు (అందులో ఒకదాని వెనక మిమ్మల్ని గుర్తించి ఒకరు సంతకం చేయాలి), పరీక్ష సర్టిఫికెట్, డీబీఎస్, పని హక్కు రుజువు, 37 పౌండ్ల ఫీజు. ఇవ్వాల్సింది మీరు నివసించే ఊరి కౌన్సిల్‌కు, షాపు ఉన్న ఊరి కౌన్సిల్‌కు కాదు. ఒకసారి వస్తే ఇంగ్లండ్, వేల్స్ మొత్తానికి చెల్లుతుంది. 2015 నుంచి రెన్యువల్ కూడా తీసేశారు. ఇల్లు మారినప్పుడు మాత్రం లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్‌కు చెప్పి 10.50 పౌండ్లు కట్టాలి, చెప్పకపోవడం నేరం. ఏడాదికి మూడు గదులు మారే మన పిల్లలు దీన్నే మర్చిపోతారు.

పేరు గురించి రెండు మాటలు. మన వైపు మరాఠీ బడిలో చదివినవాళ్లకు రిజిస్టర్‌లో మధ్యలో తండ్రి పేరు చేరుతుంది. ఇంట్లో తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. పాస్‌పోర్టు వచ్చేసరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా మొత్తం అందులోనే ఉంటుంది. పరీక్ష సర్టిఫికెట్ మీద ఒకలా, డీబీఎస్ మీద ఇంకొకలా వస్తే కౌన్సిల్ ఫైలు పక్కన పెట్టేస్తుంది. పరీక్షకు పేరు నమోదు చేసే రోజే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి.

పాత కేసు ఉంటే

ఇది మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. దారూబందీ ఉన్న ఆరేళ్లలో కాగజ్‌నగర్ వైపు నుంచి రైల్లో సీసాలు తెస్తూ దొరికిన కుర్రాళ్లు తక్కువేమీ కాదు. ఫారంలో ఇంగ్లండ్ బయట పడిన శిక్షల గురించి కూడా అడుగుతారు. డీబీఎస్‌లో మన దేశపు కేసు కనపడదు కదా అని లేదని రాస్తే, అబద్ధం చెప్పడమే అక్కడ కొత్త నేరం అవుతుంది.

కేసు పెట్టడం వేరు, శిక్ష పడటం వేరు. ఠాణాకు తీసుకెళ్లి వదిలేస్తే అది శిక్ష కాదు. కోర్టు జరిమానా వేసి ఉంటే అది శిక్షే. అయితే అక్కడి చట్టం ప్రకారం చిన్న శిక్షలు కొంత కాలం గడిచాక లెక్కలోకి రావు. మీది ఆ కోవలోకి వస్తుందా అని వకీలును అడగండి. లెక్కలోకి వచ్చేదైతే కౌన్సిల్ పోలీసులకు తెలియజేస్తుంది, వాళ్లకు అభ్యంతరం చెప్పడానికి 14 రోజులు ఉంటుంది. చెప్పకపోతే లైసెన్సు వస్తుంది. బయలుదేరే ముందే కోర్టు తీర్పు నకలు, జరిమానా కట్టిన రసీదు తీసుకుని పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక ఫోన్ మీద వాటిని రాబట్టడం అంత తేలిక కాదు.

షాపు లైసెన్సు

నడుస్తున్న షాపు కొంటున్నారా, కొత్తగా పెడుతున్నారా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. కొంటుంటే పని సులువు. లైసెన్సు మీ పేరుకు మార్చడానికి 23 పౌండ్లు, డీపీఎస్‌గా మీ పేరు పెట్టడానికి ఇంకో 23. వెంటనే అమలయ్యేలా అడగొచ్చు, కాబట్టి షాపు ఒక్కరోజు కూడా మూయక్కర్లేదు. కొనే ముందు మాత్రం లైసెన్సు కాగితం మొత్తం తెప్పించుకుని వెనకున్న షరతులు చదవండి. పాత ఓనరు ఒప్పుకున్న ప్రతిదీ మీకు సంక్రమిస్తుంది. రాత్రి పదింటికే మద్యం ఆపాలని అందులో ఉంటే, పదకొండు దాకా వ్యాపారం ఉందని అమ్మినవాడు చెప్పిన లెక్క తప్పే.

కొత్త షాపుకైతే ఫీజు ఆ భవనం రేటబుల్ వాల్యూను బట్టి, అంటే పన్ను కోసం దానికి కట్టిన విలువను బట్టి. ఆ విలువ 4,300 పౌండ్ల లోపైతే 100, ఆపైన 33,000 దాకా 190, 87,000 దాకా 315, లక్షా పాతిక వేల దాకా 450, దాని పైన 635. సందు చివర చిన్న షాపులు మామూలుగా 190లో పడతాయి. ఏటా కట్టేది వేరే ఉంది, ఆ రెండో మెట్టుకు 180. కట్టకపోతే లైసెన్సు సస్పెండ్ అవుతుంది.

దరఖాస్తుతో పాటు షాపు ప్లాను ఇవ్వాలి. తలుపులు, బయటికి దారి, మద్యం పెట్టే చోటు, మంటలార్పే పరికరాలు అన్నీ గుర్తుపెట్టి ఉండాలి. ఆన్‌లైన్‌లో ఇస్తే కౌన్సిలే పోలీసు, ఫైర్, ట్రేడింగ్ స్టాండర్డ్స్ (షాపుల అమ్మకాలు సరిగ్గా ఉన్నాయా అని చూసే శాఖ), ప్రజారోగ్యం, హోం ఆఫీసు లాంటి శాఖలన్నిటికీ పంపుతుంది. కాగితాల మీద ఇస్తే మీరే ఒక్కొక్కరికీ పంపాలి.

తర్వాత నోటీసు. లేత నీలం రంగు కాగితం, కనీసం ఎ4 సైజు, నల్ల సిరా, అక్షరాలు 16 పాయింట్లకు తగ్గకూడదు. దారిన పోయేవాళ్లకు చదవడానికి వీలుగా షాపు బయటికి కనపడేలా 28 రోజులు వరసగా ఉంచాలి. పది పని దినాల లోపు లోకల్ పేపర్లో ప్రకటన కూడా వేయించాలి. ఆ ప్రకటన ఖర్చు ఒక్కోసారి లైసెన్సు ఫీజును మించిపోతుంది, ముందే లెక్కలో వేసుకోండి. నోటీసు వానకు తడిసి ఊడిపోయిందనుకోండి, లేదా తెల్ల కాగితం మీద వేశారనుకోండి, 28 రోజులు మళ్లీ మొదటి నుంచి. రోజూ పొద్దున తేదీ కనపడేలా దాని ఫొటో తీసి పెట్టుకోవడం నా అలవాటు.

ఆ 28 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, పక్కింటి ముసలావిడ అయినా సరే. మన దగ్గరైతే వైన్ షాపు వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కి మోర్చా తీయాలి. అక్కడ ఒక్క ఉత్తరం చాలు, కమిటీ ముందు హియరింగ్ పెట్టాల్సిందే. అయితే ఆ ఉత్తరం పైన చెప్పిన నాలుగు లక్ష్యాలకు సంబంధించినదై ఉండాలి. "ఇప్పటికే షాపులు ఎక్కువున్నాయి, మాకు గిరాకీ తగ్గుతుంది" అంటే చెల్లదు. అభ్యంతరం వచ్చిందని తెలియగానే ఆ మనిషిని కలవండి. మా వీధిలో ఆవిడ కోరింది ఒకటే, రాత్రి ఖాళీ సీసాలు డబ్బాలో పోసే చప్పుడు వద్దని. పొద్దున ఎనిమిది తర్వాతే పోస్తామని రాసిచ్చాం, ఉత్తరం వెనక్కి తీసుకుంది. కమిటీ నిర్ణయం నచ్చకపోతే 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు.

నేను చేసిన తప్పు

దరఖాస్తులో ఆపరేటింగ్ షెడ్యూల్ అని ఒక భాగం ఉంటుంది. షాపు ఎలా నడుపుతారో, గొడవలు, చిన్నపిల్లలకు అమ్మకాలు లేకుండా ఏం చేస్తారో మీ మాటల్లో రాయమంటారు. నేను ఒక ఏజెంటుకు డబ్బిచ్చి రాయించాను. ఆయన ఏదో పెద్ద షాపుకు రాసినదే తెచ్చి పేరు మార్చి అంటించాడు. చూడటానికి బరువుగా, అందంగా ఉంది, చదవకుండా సంతకం పెట్టాను.

లైసెన్సు వచ్చిన ఐదో నెలలో పోలీసు లైసెన్సింగ్ ఆఫీసర్ వచ్చి, మూడు వారాల కిందటి ఫలానా శనివారం రాత్రి కెమెరా రికార్డింగ్ చూపించమన్నాడు. రికార్డర్ తెరిస్తే పదకొండు రోజులే ఉంది. డిస్కు నిండగానే పాతది తుడిచేసుకుంటోంది, అది నాకు తెలియనే తెలియదు. ఆయన సంచిలోంచి నా లైసెన్సు నకలు తీసి వేలితో చూపించాడు: 31 రోజుల రికార్డింగ్ ఉంచుతాము, ఆరు నెలలకోసారి సిబ్బందికి శిక్షణ ఇచ్చి రిజిస్టర్ రాస్తాము. రిజిస్టర్ కూడా లేదు. షరతు తప్పి అమ్మడం అంటే లైసెన్సు లేకుండా అమ్మినట్టే, శిక్ష ఆరు నెలల జైలు లేదా పరిమితి లేని జరిమానా, రెండూ కూడా వేయొచ్చు. ఆయన మంచివాడు, రెండు వారాలు గడువిచ్చాడు. పెద్ద డిస్కు కొన్నాను, రిజిస్టర్ మొదలుపెట్టాను. ఆ రెండు వారాలూ నిద్ర లేదు.

అందుకే చెప్తున్నాను, ఆ భాగం మీరే రాయండి. రేపటి నుంచి రోజూ చేయగలిగిందే రాయండి. కెమెరా ఎన్ని రోజులు ఉంచుతుందో చూసి రాయండి. దరఖాస్తు పెట్టకముందే పోలీసు లైసెన్సింగ్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టి, మీ వీధికి ఏ షరతులు కోరతారో అడిగితే చెప్తారు. మన దగ్గర దరఖాస్తు పెట్టకముందే పోలీసు దగ్గరికి పోతే అర్థం వేరు, అక్కడ అది మామూలు పద్ధతి.

షాపు తెరిచాక

మనకు కష్టమనిపించేది పిల్లల వయసు. బల్లార్షాలో తండ్రి కోసం సీసా తెచ్చే పన్నెండేళ్ల పిల్లాడిని ఎవరూ వింతగా చూడరు. అక్కడ 18 లోపు వాళ్లకు అమ్మితే అమ్మిన కుర్రాడి మీద కూడా కేసు. మూడు నెలల్లో రెండుసార్లు దొరికితే షాపు మీద ఇంకా పెద్ద కేసు. ట్రేడింగ్ స్టాండర్డ్స్ వాళ్లు 18 నిండని పిల్లల్నే పంపి పరీక్షిస్తారు. అందుకే చాలా షాపులు 25 ఏళ్ల లోపు కనిపించిన ప్రతి ఒక్కరినీ ఐడీ అడుగుతాయి. అమ్మనని చెప్పిన ప్రతిసారీ ఒక పుస్తకంలో తేదీ, టైము రాసుకోండి. పేజీలన్నీ ఖాళీగా ఉన్న పుస్తకాన్ని ఏ ఆఫీసరూ నమ్మడు.

సరుకు పన్నుల శాఖ దగ్గర నమోదైన హోల్‌సేలర్ దగ్గరే కొనండి, బిల్లు దాచండి. వ్యాన్‌లో వచ్చి సగం ధరకు వోడ్కా ఇస్తానన్నవాడిని గుమ్మం దాకా రానివ్వకండి. డ్యూటీ, దాని మీద వ్యాటు కలిపితే వచ్చే ధర కంటే తక్కువకు అమ్మడానికి కూడా వీల్లేదు.

ఒక్కరోజు పండగకైతే

షాపు లేదు, తెలుగువాళ్లందరం హాలు తీసుకుని ఉగాది చేసుకుంటున్నాం, అక్కడ బీరు అమ్మాలి అంటే టెన్ అని ఒక నోటీసు ఇస్తే చాలు. ఫీజు 21 పౌండ్లు. పనివాళ్లతో కలిపి 499 మంది దాటకూడదు. టికెట్ ధరలో డ్రింక్ కలిపేసినా అది అమ్మకమే, "ఫ్రీగా ఇచ్చాం" అనే వాదన నిలవదు. నోటీసు ఇచ్చిన రోజు, పండగ రోజు కాకుండా మధ్యలో మామూలుగా పది పని దినాలు ఉండాలి. అంటే పండగ శనివారమైతే దానికి పదిహేను రోజుల ముందొచ్చే శుక్రవారానికల్లా కౌన్సిల్‌కు చేరాలి. ఉగాది రోజుల్లో గుడ్ ఫ్రైడే, ఈస్టర్ సోమవారం మధ్యలో పడ్డాయంటే ఇంకో రెండు పని దినాలు వెనక్కి జరిగి, బుధవారానికే ఇచ్చేయాలి.